ట్రావెల్స్ బండి, ప్రమాదపు బండి, వరద బండి: పాత కారు కొనే ముందు చూడవలసినవి

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వంటి పట్టణాల్లో కన్సల్టెన్సీల ముందు వరుసగా నిలబెట్టిన పాత కార్లలో, అదే మోడల్‌కు, అదే సంవత్సరానికి నడుస్తున్న ధర కంటే లక్షో లక్షన్నరో తక్కువకు ఇస్తామనే బండి కనిపిస్తే, అది చాలావరకు ట్రావెల్స్‌లో తిరిగినదో, పెద్ద ప్రమాదంలో దెబ్బతిన్నదో, వరదలో మునిగినదో అయి ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. ట్రావెల్స్ బండిని ఓపికగా చూసుకుని నిశ్చింతగా కొనవచ్చు. ప్రమాదపు బండిని రుజువులు చేతికి వచ్చిన తరువాతనే కొనాలి. నీట మునిగిన బండిని మాత్రం ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దని నా గట్టి అభిప్రాయం.

ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. అమెరికాలో బీమా కంపెనీ టోటల్ లాస్‌గా తేల్చిన కారు యాజమాన్య పత్రం మీద అక్కడి రాష్ట్రాలు ‘సాల్వేజ్’ అని ముద్ర వేస్తాయి. కొనేవారికి ఆ పత్రమే గతం చెబుతుంది. మన ఆర్సీ మీద అటువంటి ముద్ర ఏదీ ఉండదు. మన దగ్గర మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే దానిని టోటల్ లాస్ కింద లెక్కగట్టి యజమానికి పరిహారం ఇస్తారు, దెబ్బతిన్న బండి వేలంలో పాత బండ్ల వ్యాపారులకు చేరుతుంది. పూర్తిగా పనికిరాకుండా పోయిన వాహనం గురించి యజమాని 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోని 55వ సెక్షన్ చెబుతున్నా, బాగుచేయవచ్చనుకున్న బండి ఆర్సీతో సహా షెడ్డుకు చేరి, రంగు వేసుకుని, మామూలు పాత కారులాగానే మళ్లీ అమ్మకానికి వస్తుంది. కనుక కాగితం చెప్పని గతాన్ని కొనేవారే బండి ఒంటి మీద చదువుకోవాలి.

ట్రావెల్స్ బండిని గుర్తించడం కొంత సులువు. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటే టాక్సీ, నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటే సెల్ఫ్ డ్రైవ్‌కు ఇచ్చే బండి. ప్లేటు మార్చి అమ్ముతున్నా ఆర్సీలో వాహన తరగతి, పాత పర్మిట్, ఫిట్‌నెస్ వివరాలు రవాణా శాఖ రికార్డులో దొరుకుతాయి. అసలు చిక్కు తెల్ల ప్లేటుతోనే అద్దెకు తిరిగిన బండ్లతో వస్తుంది. సొంత వాడకం పేరుతో రిజిస్టర్ చేయించి, పెళ్లిళ్లకు, విహారాలకు రోజుకింత అని ఇచ్చిన కార్లు మన పట్టణాల్లో తక్కువేమీ లేవు; వాటి రికార్డులో అద్దె అన్న మాటే కనిపించదు. అలాంటప్పుడు వెనుక సీటును చూడండి. కుటుంబం వాడిన కారులో డ్రైవరు సీటు ముందు అరుగుతుంది, అద్దెకు తిరిగిన కారులో వెనుక సీటు, వెనుక తలుపుల పిడులు, పైన క్యారియర్ బిగించిన గుర్తులు, డిక్కీ అంచున సామాను గీతలు కూడా అంతే గట్టిగా సాక్ష్యం చెబుతాయి. మీటరు 45,000 చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరును నమ్మవద్దు. కంపెనీ సర్వీస్ సెంటరులో బండి నంబరు మీద ఉన్న సర్వీస్ చరిత్రను యజమాని చేతనే తెప్పించి, ప్రతి సర్వీసు నాటి కిలోమీటర్లను వరుసగా రాసుకుని చూస్తే మీటరు ఎక్కడ వెనక్కి తిప్పారో బయటపడుతుంది.

మూడేళ్లలో లక్షన్నర కిలోమీటర్లు తిరిగినంత మాత్రాన బండి చెడిపోయినట్లు కాదు. హైదరాబాద్, హనుమకొండల మధ్య జాతీయ రహదారి మీద వేళకు ఆయిల్ మార్చుకుంటూ తిరిగిన కిలోమీటర్లు, ఊళ్లో క్లచ్ మీద కాలు తీయకుండా నడిపిన కిలోమీటర్ల కంటే ఇంజిన్‌కు తేలిక. గోదావరిఖని, భూపాలపల్లి వైపు సింగరేణికి అద్దె మీద తిరిగిన బండి అయితే ఎయిర్ ఫిల్టరు, ఏసీ, సస్పెన్షన్ బుష్‌లు ప్రత్యేకంగా చూపించుకోవాలి. ఆ దుమ్ము వేరు. మేడారం జాతరకు పరిమితికి మించి జనాన్ని ఎక్కించి తిప్పిన బండికి వెనుక స్ప్రింగులు కుంగి ఉంటాయి. ఖాళీ బండిని చదునైన చోట నిలిపి పక్క నుంచి చూస్తే అది కంటికే తెలుస్తుంది. సీఎన్‌జీ బండి అయితే సిలిండరుకు మూడేళ్లకొకసారి జరగవలసిన హైడ్రో టెస్ట్, అంటే ఒత్తిడిని తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష, పత్రం అడగాలి.

పసుపు ప్లేటు బండిని సొంతానికి మార్చుకోవాలంటే ఫైనాన్స్ తీరినట్లు పత్రం, పర్మిట్ సరెండర్, పన్ను బకాయిలు, చలాన్లు అన్నీ తేలాలి, ఆపై బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బీమాను కూడా కమర్షియల్ నుంచి ప్రైవేటుకు మార్పించాలి. మహారాష్ట్ర నుంచి ఆదిలాబాద్ మీదుగా చవకగా వచ్చే బండ్లకు అక్కడి ఎన్‌ఓసీతో పాటు ఇక్కడి లైఫ్ ట్యాక్స్ అదనం. బేరం ఆడేముందే ఈ మొత్తాన్ని ఆర్టీఏ కార్యాలయంలో అడిగి తెలుసుకుని ధరకు కలిపి చూడండి, చాలాసార్లు చవక అనుకున్నది అక్కడే కరిగిపోతుంది.

ఇక ప్రమాదపు బండి. టోటల్ లాస్ అన్నంత మాత్రాన ఛాసిస్ విరిగిందని అర్థం కాదు. నాలుగేళ్లు దాటిన కారుకు ఐడీవీ కొత్త ధరలో సగానికి పడిపోతుంది. కొత్తప్పుడు 8 లక్షలు ఉన్న కారుకు అప్పుడు ఐడీవీ 4 లక్షలు, అందులో 75 శాతం 3 లక్షలు. బానెట్, రేడియేటరు, రెండు ఎయిర్‌బ్యాగులు, వాటి సెన్సార్లు కలిపితే ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. అందుకే ఇటువంటి బండిని బాగుచేసేటప్పుడు మొదట మిగుల్చుకునేది ఎయిర్‌బ్యాగుల ఖర్చునే, ఎందుకంటే అవి లేకపోయినా బండి నడుస్తుంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. వెలిగి ఆరకపోయినా, అసలు వెలగకపోయినా ఆ బండి దగ్గర ఆగవద్దు. స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లి లోపాల కోడ్‌లు చదివించండి. బానెట్ కింది బోల్టుల రంగు రేగి ఉందా, ముందు చక్రాల పైన ఉండే లోపలి రేకులో ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ గుండ్రటి గుర్తుల బదులు చేతి వెల్డింగ్ గీతలు ఉన్నాయా, ఒక్క అద్దం మీద మాత్రమే తయారీ సంవత్సరం వేరుగా ఉందా అన్నవి చూడండి. ఛాసిస్ నంబరు 17 అక్షరాలూ అంకెలూ ఆర్సీతో సరిపోవడమే కాకుండా, ఆ అచ్చు చుట్టూ రేకు కోసి అతికించిన జాడ లేదని నిర్ధారించుకోవాలి. తుక్కు బండి ఆర్సీని, నంబరును దొంగ బండికి తగిలించే మోసం నిజంగా ఉంది. మరమ్మతుకు ముందు తీసిన ఫొటోలు, స్పేర్ పార్టుల బిల్లులు చూపలేని అమ్మకందారు ధర ఎంత తగ్గించినా ఒప్పుకోవద్దు.

నీట మునిగిన బండి విషయంలో మన ప్రాంతం వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది, మోరంచపల్లి నీట మునిగింది, హనుమకొండ కాలనీల్లో ఇళ్ల ముందు నిలిపిన బండ్లు నీళ్లలో నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలు మళ్లీ వరంగల్‌ను ముంచెత్తాయి. ఈ బండ్లలో చాలావాటికి క్లెయిమ్ రికార్డు కూడా ఉండదు, ఎందుకంటే నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్‌కు కలిగే నష్టానికి మామూలు పాలసీలో సాధారణంగా పరిహారం రాదు, విడిగా ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు బీమా తీసుకోనివారు చేతి డబ్బుతో ఏదో బాగుచేయించి అమ్మివేస్తారు. మా బంధువులలో ఒకరు అలాంటి బండినే కొన్నారు. ఆరు నెలలు బాగానే నడిచింది, ఆ తరువాత ఒక్కొక్క వైరు కనెక్టరూ తుప్పు పట్టి, పవర్ స్టీరింగ్ నడిరోడ్డు మీద పనిచేయడం మానేసింది. పిల్లలు వెనుక సీట్లో ఉన్నారు. అందుకే ఈ మాటలు ఇంత నొక్కి చెబుతున్నాను.

సీటు బెల్టును చివరి వరకు లాగండి. లోపలి భాగంలో బురద చార ఉంటే అక్కడిదాకా నీళ్లు వచ్చినట్లే. సీట్ల కింది పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, హెడ్‌లైట్ లోపల ఆవిరి మరక, డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజ్ పెట్టెలో తెల్లటి పొర చూడండి. కార్పెట్ కొత్తగా ఉండి, అద్దాలు మూసి ఏసీ వేయగానే ముక్కవాసన వస్తే, లోపల గాఢమైన సెంటు కొట్టి ఉంటే అనుమానించండి. ఇంజిన్ ఆయిల్ పాలు కలిసినట్లు తెల్లగా ఉంటే ఇంకేమీ చూడనక్కరలేదు.

బండి నచ్చితే బయానా తక్కువగా ఇచ్చి, వరదలో మునగలేదని, టోటల్ లాస్ కాలేదని, అద్దెకు తిప్పలేదని అమ్మకందారు చేత సంతకంతో రాయించుకోండి. కన్సల్టెన్సీ వద్ద కొంటే, 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం వారికి ఉండవలసిన అధికార పత్రం అడగండి. యాజమాన్యం బదిలీకి కావలసిన ఫారం 29, 30లతో పాటు, ఫైనాన్స్ ఉన్న బండికి అప్పు తీరిందని చూపే ఫారం 35 చేతికి వచ్చిన రోజునే మిగతా డబ్బు ఇవ్వాలి. కొన్నవారు 30 రోజుల్లోగా ఆర్సీ బదిలీకి దరఖాస్తు చేయాలి, బీమా బదిలీకి 14 రోజులే గడువు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఆయనతోనే పోతుంది కనుక, బీమా మీ పేరుకు మారేటప్పుడు ఆ తేడా కట్టవలసి వస్తుంది.