సిలబస్ కాపీకి అప్లై చేసే ముందు మీ మెమోలో కోడ్ చూసుకోండి

విదేశాల్లో ఎంఎస్ సీటు కోసమో, వృత్తి లైసెన్సు కోసమో మార్కుల మెమోలతో పాటు సంతకం, స్టాంపు ఉన్న బీటెక్ సిలబస్ కాపీ కూడా అడుగుతుంటారు. కడప నుంచో కర్నూలు నుంచో తెల్లవారుజామున బస్సెక్కి అనంతపురం జేఎన్‌టీయూ ఆఫీసు దాకా వచ్చి, తెచ్చిన సిలబస్ తమది కాదని అక్కడ తెలుసుకుని వెనక్కి వెళ్లిన పిల్లల్ని చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

దరఖాస్తు కష్టమేమీ కాదు. సిలబస్ ఎవరు అడిగారో వాళ్లనే ముందు మెయిల్‌లో అడగండి: ప్రిన్సిపాల్ సంతకం చాలా, యూనివర్సిటీ సంతకం కావాలా, సీల్డ్ కవర్ కావాలా అని. తర్వాత అర్జీ, మెమోలు, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) లేదా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), ఆధార్ జిరాక్సులు, సిలబస్ ప్రింటు, ఫీజు రసీదు. ఇంతే.

చిక్కంతా సిలబస్ ప్రింటు దగ్గరే. అనంతపురం జేఎన్‌టీయూలో సిలబస్ రెగ్యులేషన్ బట్టి, అంటే మీ బ్యాచ్‌కు వర్తించే నిబంధనల బట్టి ఉంటుంది: ఆర్09, ఆర్13, ఆర్15, ఆర్19, ఆర్20, ఆర్23. ఒకే పేరున్న సబ్జెక్టుకు కూడా రెండు రెగ్యులేషన్లలో యూనిట్లు, క్రెడిట్లు వేరుగా ఉండొచ్చు. నెట్‌లో ముందు కనిపించిన ఫైల్ దించుకుంటే మీరు చదవని పాఠాలకు స్టాంపు అడిగినట్టే. మెమోలో సబ్జెక్టు కోడ్ చూడండి. 15తో మొదలైతే ఆర్15, 19తో మొదలైతే ఆర్19. ఆర్19 వచ్చింది 2019లో కాబట్టి, 2017లో చేరినా మీది ఆర్15 కిందికే వస్తుంది.

డిప్లొమా చేసి ఈసెట్‌తో వచ్చినవాళ్లు ఇక్కడే ఎక్కువగా పొరబడుతున్నారు. 2019లో నేరుగా రెండో సంవత్సరంలో చేరితే మీది ఆర్19 కాదు, ఆర్15. ఎందుకంటే మీ క్లాసువాళ్లు 2018లో చేరినవాళ్లు. డిటెయిన్ అయి మళ్లీ చేరినవాళ్లకు కొన్ని సెమిస్టర్లు పాత రెగ్యులేషన్‌లో, మిగతావి కొత్తదాంట్లో ఉండొచ్చు. వాళ్లు ఒక్కో మెమో ముందు పెట్టుకుని, కోడ్ కోడ్‌కూ సరిపోల్చి, రెండు సిలబస్‌ల నుంచీ పేజీలు తీయాలి. ఒక పూట పడుతుంది. అయినా ఆ పని ఇంట్లోనే చేసుకోండి, కౌంటర్ దగ్గర టెన్షన్‌లో కుదరదు.

అటానమస్ కాలేజీల సంగతి వేరు. కర్నూలు జి. పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ లాంటి చోట పట్టా జేఎన్‌టీయూదే అయినా సిలబస్ కాలేజీ తయారుచేసుకున్నది. కాబట్టి ముందు వెళ్లాల్సింది కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌కే. బీఏ, బీఎస్సీ, బీకాం వాళ్లు పట్టా మీద ఉన్న యూనివర్సిటీ పేరు చూసుకోవాలి. కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ వచ్చింది 2008లో. అంతకుముందు అక్కడ డిగ్రీ పూర్తిచేసినవాళ్లు అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో అడగాల్సి రావచ్చు.

ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ ఉంది కదా, సిలబస్ ఎందుకని కొందరు అడుగుతున్నారు. అందులో జమయ్యేది క్రెడిట్లు. ఆ క్రెడిట్ల వెనక ఏ పాఠాలు చదివారన్నది అందులో ఉండదు. అన్ని యూనివర్సిటీలూ కోడ్, క్రెడిట్లు, యూనిట్లు ఒకే పద్ధతిలో, పాత రెగ్యులేషన్లతో సహా, ఆన్‌లైన్‌లో పెడితే ఈ తిరుగుడు చాలావరకు తప్పుతుంది. ఇది త్వరగా జరగాలని నా గట్టి కోరిక. అప్పటిదాకా కోడ్ చూసుకునే పని మనదే.

ఒక్క రోజులో స్టాంపు వేయించి ఇస్తామనేవాళ్లకు మాత్రం డబ్బు కట్టకండి. అవతలి యూనివర్సిటీ ఇక్కడికి మెయిల్ పెట్టి సరిచూసుకోవచ్చు. స్టాంపు దొంగదని తేలితే సీటు పోతుంది, వీసాకూ ఇబ్బందే. ఫీజు ఎంతో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనో ఆఫీసులోనో తెలుసుకుని మీరే కట్టి, రసీదు దాచుకోండి. మీరు ఊళ్లో లేకపోతే అమ్మనో నాన్ననో పంపండి. సంతకం చేసిన అనుమతి లేఖ, మీ ఐడీ జిరాక్సు వాళ్ల చేతికివ్వండి.

గడువు దగ్గర పడిందని కంగారు పడొద్దు. దరఖాస్తు రసీదు స్కాన్ చేసి అడ్మిషన్ ఆఫీసుకు పంపి, కొన్ని రోజులు టైమ్ ఇమ్మని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.