రూమ్మేట్ చెక్కు దొంగిలిస్తే ముందు బ్యాంకు, తర్వాతే పంచాయితీ

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. రోజంతా చెక్కులతోనే పని. బ్రాడీపేటలో నాతో గదిలో ఉన్నవాడు పోస్టులో వచ్చిన నా చెక్కుబుక్కు కవరు దాచేసి, ఒక లీఫు మీద నా సంతకం గీసి నలభై వేలు తీశాడు. మీకూ ఇలా జరిగితే ఏది ముందో, ఏది తర్వాతో తెలిసి ఉండాలి.

కోపం ఎంత వచ్చినా వాడితో అప్పుడే గొడవ పెట్టుకోవద్దు. విషయం బయటపడిందని తెలిస్తే మిగతా లీఫులు మాయమైపోతాయి. ముందు బ్యాంకు యాప్‌లో స్టాప్ పేమెంట్ (ఆ చెక్కులకు డబ్బు ఇవ్వొద్దన్న ఆదేశం) పెట్టండి, ఆ పుస్తకంలో ఉన్న అన్ని నంబర్లకూ. నంబర్లు తెలియకపోతే బ్రాంచిలో చెబుతారు.

అదే రోజు బ్రాంచికి వెళ్లి ‘ఈ చెక్కు మీద సంతకం నాది కాదు’ అని ఉత్తరం రాసి ఇవ్వండి. రెండో కాపీ మీద సీలు, తేదీ వేయించుకోండి. చెక్కు ఇమేజ్ అడగండి. కౌంటర్లో నగదు తీసి ఉంటే సీసీ కెమెరా రికార్డింగు చెరిగిపోకుండా భద్రపరచమని అందులోనే రాయండి. ఖాతాలో వేసుకుని ఉంటే ఎవరి ఖాతాలో పడిందో తేలుతుంది. పోస్టాఫీసులోనూ ట్రాకింగ్ నంబరు ఇచ్చి, కవరు ఎవరు అందుకున్నారో రాతపూర్వకంగా అడగండి.

‘మీ రూమ్మేటే కదా, మీరే తేల్చుకోండి’ అని కౌంటర్లో అంటారు. నాతోనూ అన్నారు. ఫోర్జరీ సంతకంతో డబ్బు ఇచ్చే అధికారం బ్యాంకుకు లేదని 1987లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో సంతకాలు గీసింది కంపెనీ అకౌంటెంటే (మా వృత్తివాడే, ఏం చెప్పను). బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు.

తర్వాత పోలీస్ స్టేషన్. భారతీయ న్యాయ సంహితలో ఇంట్లో దొంగతనానికి 305, చెక్కు లాంటి విలువైన పత్రం ఫోర్జరీకి 338, దాన్ని వాడినందుకు 340 సెక్షన్లున్నాయి. స్టేషన్లో కేసు కట్టకపోతే అదే ఫిర్యాదును ఎస్పీ గారికి పోస్టులో పంపండి.

అసలు చిక్కు రాజీ దగ్గర వస్తుంది. రూమ్మేట్ నాన్న ఊరి నుంచి వచ్చి గది గుమ్మంలో కూర్చున్నారు. చెప్పులు కూడా విప్పలేదు. పెద్దాయన్ని చూస్తే నా నోట మాట రాలేదు. ‘డబ్బు కట్టేస్తాం బాబూ, చేబదులుగా ఇచ్చానని ఒక కాగితం రాసివ్వు చాలు’ అన్నారు. ఎంత జాలేసినా ఆ కాగితం రాయకూడదు. అది రాస్తే చెక్కు మీరే ఇచ్చినట్టవుతుంది. ఫోర్జరీ మాటే ఉండదు, బ్యాంకు చేతులు దులుపుకుంటుంది, రేపు ఇంకో లీఫు బయటికొస్తే మీ మాట నమ్మేవాళ్లుండరు. డబ్బు తిరిగిస్తే ఖాతాకే వేయించుకోండి, ‘ఫలానా నంబరు చెక్కు సొమ్ము వాపసు’ అని మాత్రమే రాసివ్వండి, ఆ సంగతి బ్యాంకుకూ తెలపండి. ఇంకోటి, 338 కింద కేసు నమోదయ్యాక మీరూ మీరూ రాజీపడి దాన్ని తీసేసుకోలేరు, కొట్టేయించాలంటే హైకోర్టుకు వెళ్లాలి. పెద్దాయనకు నేను ఈ మాటే చెప్పి కాఫీ ఇచ్చి పంపాను.

పాజిటివ్ పే (మనం రాసిన చెక్కు వివరాలు ముందే బ్యాంకుకు తెలిపితే, వాటితో సరిచూసి డబ్బు ఇచ్చే పద్ధతి) ఉంది కదా అని ధీమా వద్దు. రిజర్వు బ్యాంకు 2021 జనవరి నుంచి తెచ్చిన ఆ ఏర్పాటు 50,000, ఆపై చెక్కులకే. మావాడు నలభైతో ఆగింది అందుకేనని నా అనుమానం. కొత్త చెక్కుబుక్కు ఇంటికి పంపొద్దని, బ్రాంచిలోనే తీసుకుంటానని రాసివ్వండి. చేతికి రాగానే లీఫులు చివరిదాకా లెక్కపెట్టండి. పైవి వదిలి అడుగునుంచి చించేవాళ్లూ ఉంటారు.