వెంటిలేటర్ ట్యూబ్ వేశారు సరే, ఆక్సిజన్ తగ్గించారా?

2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. 25 ట్రయల్స్, 16 వేలకు పైగా రోగులు. తీవ్ర జబ్బుతో చేరిన పెద్దవాళ్లలో ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చినచోట మరణాలు ఎక్కువని తేలింది. తర్వాత వెంటిలేటర్ రోగుల మీదే చేసిన పెద్ద ట్రయల్స్‌లో ఆ తేడా కనబడలేదు. కానీ అవి పోల్చింది ఆక్సిజన్ లక్ష్యాలను. వెంటిలేటర్‌లో ఆక్సిజన్ నాబ్‌ను 100 శాతం మీద పెట్టి మర్చిపోవడాన్ని కాదు.

కొంప ముంచేది ఆ మర్చిపోవడమే. ట్యూబ్ వేసేటప్పుడు 100 శాతం పెట్టాల్సిందే. గండం గడిచాక దాన్ని దించేవాళ్లే ఉండరు. మానిటర్ మీద సాచురేషన్ (రక్తం ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో చెప్పే అంకె) 100 కనబడుతుంటే అందరికీ నిశ్చింత.

మామూలు గాలిలో 78 శాతం నైట్రోజన్. అది రక్తంలోకి పెద్దగా పోదు, గాలిగదుల్లోనే ఉండి వాటిని ముడుచుకోనివ్వదు. 100 శాతం ఆక్సిజన్ ఇస్తే ఆ నైట్రోజన్ వెళ్లిపోతుంది. కఫం అడ్డుపడి గాలి సరిగా చేరని గదిలో మిగిలిన ఆక్సిజన్‌ను రక్తం లాగేసుకుంటుంది, గది మూసుకుపోతుంది. దానికితోడు ఫ్రీ రాడికల్స్ (ఆక్సిజన్ ఎక్కువైతే పుట్టే హానికర అణువులు) గాలిగదుల లోపలి పొరను దెబ్బతీస్తాయి.

పైగా జబ్బు ముదిరినా బయటపడదు. 100 శాతం మీద ఉదయం పీఏఓ2 (ధమని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి) 300, సాయంత్రం 150 అనుకోండి. ఊపిరితిత్తుల పనితనం సగానికి పడింది. మానిటర్ మీద మాత్రం 100 కాస్తా 99 అయింది, అంతే.

ట్యూబ్ సరైనచోట ఉందని క్యాప్నోగ్రాఫ్‌తో (వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరికరం) ఖాయం చేసుకున్నాక, సాచురేషన్ 96 దాటి ఉంటే ఎఫ్‌ఐఓ2ను (ఇచ్చే గాలిలో ఆక్సిజన్ శాతం, నాబ్ మీది అంకె) 10 చొప్పున దించండి. ప్రతిసారీ ఐదు పది నిమిషాలు ఆగి చూడండి. అరగంటలో ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) తీయండి. ఎక్కువమందికి సాచురేషన్ 92–96 చాలు, సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) వాళ్లకు 88–92. మరీ కిందికీ లాగొద్దు: ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు ఒక్కసారిగా తీవ్రంగా దెబ్బతినే జబ్బు) పీఏఓ2ను 55–70కి పరిమితం చేసిన ట్రయల్ 2020లో మధ్యలోనే ఆగింది, ఆ గుంపులో ఐదుగురికి పేగులకు రక్తం అందక దెబ్బతిన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ విషానికి ఈ లెక్కలు వర్తించవు, అక్కడ 100 శాతమే మందు.

ఎఫ్‌ఐఓ2 60 శాతం కిందికి దిగడం లేదా? ఆక్సిజన్ పెంచుకుంటూ పోవద్దు. పీప్ (ఊపిరి వదిలాక కూడా గాలిగదులు మూసుకుపోకుండా మెషీన్ నిలిపే ఒత్తిడి) చూడండి, బీపీ మీద కన్నుంచండి. బోర్లా పడుకోబెట్టాలేమో పెద్ద డాక్టర్‌ను అడగండి.

సక్షన్‌కు (ట్యూబ్‌లోంచి కఫం లాగడం) ముందు 100 శాతం బటన్ నొక్కండి. చాలా మెషీన్లలో రెండు నిమిషాలకు అదే దిగుతుంది. చేత్తో నాబ్ తిప్పితే దిగదు.

సీటీ స్కాన్ నుంచి బెడ్ మీదికి రాగానే నాబ్ చూడండి. ప్రయాణానికి పెట్టిన 100 అలాగే ఉండిపోతుంది.

చల్లబడిన వేలికి సాచురేషన్ కొలిచే ప్రోబ్ పెట్టొద్దు. నెయిల్ పాలిష్ తుడవండి. చామనఛాయ, నలుపు చర్మం మీద రీడింగ్ అసలుకంటే ఎక్కువ చూపించవచ్చు, ఏబీజీతో సరిచూడండి.

సాచురేషన్ ఒక్కసారిగా పడితే 100 పెట్టండి. వెంటనే ట్యూబ్ జరిగిందా, కఫం అడ్డుపడిందా, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఉందా, మెషీన్ చెడిందా చూడండి. కారణం దొరికాక మళ్లీ దించండి. దించండి!

పారాక్వాట్ అనే కలుపుమందు తాగినవాళ్లకు సాచురేషన్ నిజంగా పడిపోతే తప్ప ఆక్సిజన్ పెట్టొద్దు.

షిఫ్ట్ అప్పగించేటప్పుడు సాచురేషన్ ఒక్కటే చెప్పొద్దు. ఎఫ్‌ఐఓ2 ఎంతో, ఏ గంటకు దించారో పైకి చెప్పండి, చార్టులో రాయండి.