నేర బాధితుల సహాయ సంస్థకు సర్కారు సొమ్ము: బరంపురం నుంచి మల్కన్‌గిరి దాకా

"నేర బాధితుల సహాయ కేంద్రానికి గ్రాంటు" అని వెతికితే ఆ పేరుతో పథకం కనబడదు. దాంతో దక్షిణ ఒడిశాలోని చాలా చిన్న తెలుగు సంఘాలు మనకిచ్చే సొమ్ము సర్కారు దగ్గర లేదనుకుని ఊరుకుంటాయి. సొమ్ము ఉంది, ఒక్క చోట లేదంతే. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద కొంత, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కొంత, కేంద్రం మహిళల పథకం మిషన్ శక్తి కింద కొంత, న్యాయసేవల సంస్థ దగ్గర కొంత, ఇలా పని పేరు మీద చెదిరి ఉంది. అందుకే "ఎంత ఇస్తారు" అని మొదలుపెట్టకండి. మీ సంఘం నిజంగా చేసే పనేమిటో ముందు ఒక కాగితం మీద రాయండి: పోలీస్ స్టేషన్‌కి తోడు వెళ్లడమా, బాధితులు తెలుగులో చెప్పింది ఒడియాలో వినిపించడమా, రాత్రికి తల దాచుకునే చోటివ్వడమా, పరిహారం దరఖాస్తు రాసిపెట్టడమా. ఒక్కో పనికి అడగాల్సిన ఆఫీసు వేరు.

పరిహారం వేరు, గ్రాంటు వేరు

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 357ఏ) కింద వచ్చే పరిహారం పూర్తిగా బాధితులది. మహిళా బాధితుల కోసం నాల్సా, అంటే జాతీయ న్యాయసేవల సంస్థ, 2018లో తెచ్చిన పథకంలో అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షల దాకా, సామూహిక అత్యాచారానికి 5 లక్షల నుంచి 10 లక్షల దాకా పరిధి ఉంది. సొమ్ము వాళ్ల ఖాతాకే వెళ్తుంది. అది కూడా పెద్దవాళ్లకైతే 75 శాతం, మైనర్లకైతే 80 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడుతుంది. ఇందులోంచి ఖర్చుల కింద సంఘం ఒక్క రూపాయి తీసుకున్నా మీ పేరు ఆ జిల్లాలో మళ్లీ లేవదు. మీకు గ్రాంటు రావాల్సింది ఆ దరఖాస్తు రాసి, కాగితాలు జతచేసి, జిల్లా న్యాయసేవల సంస్థ చుట్టూ తిరిగే శ్రమకి. ఈ తేడా మీ ప్రతిపాదన మొదటి పేజీలోనే కనబడాలి.

రెండు భాషలు రావడమే మీ ఆస్తి

ఇక్కడ తెలుగు సంఘాలు తేలిగ్గా అందుకోగలిగి, తరచూ వదిలేసేది పోక్సో నియమాలు 2020లోని 5వ రూల్. ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం, అంటే డీసీపీయూ, దుబాసీల, అనువాదకుల, ప్రత్యేక విద్యా బోధకుల, సపోర్ట్ పర్సన్ల పేర్లతో ఒక రిజిస్టర్ ఉంచాలని ఆ రూల్ చెబుతుంది. దుబాసీకి డిగ్రీ అక్కర్లేదు. పిల్ల మాట్లాడే భాషా, రాష్ట్ర అధికార భాషా వ్యవహారానికి సరిపడా వస్తే చాలు. అది మాతృభాష అయినా సరే, ప్రాథమిక బడిలో ఆ మాధ్యమంలో చదివినా సరే, ఆ భాష మాట్లాడే ప్రాంతంలో ఉండి నేర్చుకున్నా సరే. పర్లాకిమిడిలోనో రాయగడలోనో పుట్టి పెరిగి ఒడియా బడిలో చదువుకున్న తెలుగువాళ్లకి ఈ అర్హత ఉన్నట్టే. నైపుణ్యం ఉన్న కార్మికుడికి ఇచ్చే కనీస వేతనానికి తగ్గకుండా చెల్లించాలని కూడా రూల్‌లోనే ఉంది. ఆ సొమ్ము బాల న్యాయ చట్టం 105వ సెక్షన్ నిధి నుంచో, డీసీపీయూ చేతిలో ఉన్న వేరే నిధుల నుంచో రావాలి.

సపోర్ట్ పర్సన్ సంగతి ఇంకా మేలు. దర్యాప్తు నుంచి విచారణ ముగిసేదాకా పిల్లకి తోడుండే మనిషిని, పిల్లా తల్లిదండ్రులూ ఒప్పుకున్నాక, బాలల సంక్షేమ కమిటీ నియమించవచ్చు. ఆ తోడు వ్యక్తే కానక్కర్లేదు, బాలల హక్కుల మీద పనిచేసే సంస్థ కూడా కావచ్చు. కాబట్టి గ్రాంటు ప్రకటన కోసం కాచుకుని కూర్చోకుండా డీసీపీయూకి ఇలా ఒక లేఖ ఇవ్వండి: సంస్థ పేరు, పంపగలిగే ఇద్దరు ముగ్గురి వివరాలు, ఎవరికి ఏ భాషలు వచ్చు (తెలుగు, ఒడియాతో పాటు సవర, కువి, కోయ వస్తే తప్పక రాయండి), విద్యార్హత, పోలీస్ వెరిఫికేషన్ కాపీ. చివర "రిజిస్టర్‌లో చేర్చిన సంగతి రాతపూర్వకంగా తెలియజేయగలరు" అని అడగండి. నోటిమాటగా "చేర్చాంలెండి" అంటే సరిపోదు. రేపు బిల్లు పెట్టినప్పుడు, నియామక ఉత్తర్వు నంబరు ఏదని అడిగేది ఆ ఆఫీసే. కమిటీ ఇచ్చే ప్రతి నియామకానికీ ఉత్తర్వు కాపీ తీసుకున్నాకే మనిషిని పంపండి.

మిగతా పద్దులు

మిషన్ శక్తిలో సఖీ వన్‌స్టాప్ సెంటర్లకి సొమ్ము నిర్భయ నిధి నుంచి నూటికి నూరు పాళ్లు కేంద్రమే ఇస్తుంది. వాటిని జిల్లా యంత్రాంగం నడుపుతుంది కాబట్టి సంస్థగా మీకు అక్కడ నేరుగా గ్రాంటు రాదు. శక్తి సదన్ వేరు. పాత స్వాధార్ గృహాలనీ, అక్రమ రవాణా బాధితుల ఉజ్జ్వల గృహాలనీ కలిపి చేసిన మహిళల పునరావాస గృహాలివి. కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున భరిస్తాయి, సంస్థల ద్వారా నడిపే వీలుంది. కానీ భవనం, రాత్రి కాపలా, వంటమనిషి, కౌన్సెలర్, ఇవన్నీ మొదటి విడత సొమ్ము రాకముందే నిలబెట్టాలి. విడతలు ఆలస్యమైతే నాలుగైదు నెలలు అప్పు చెయ్యకుండా నెట్టుకురాగల సంఘమే దీని జోలికి వెళ్లాలి. కొత్త సంఘాలకి ఇది తగదు.

జిల్లా న్యాయసేవల సంస్థ పారా లీగల్ వాలంటీర్లని వ్యక్తులుగా ఎంపిక చేసి, పనిచేసిన రోజులకి గౌరవ వేతనం ఇస్తుంది. స్వచ్ఛంద సంస్థలకి నిర్దిష్ట పథకాల మీద గ్రాంటు ఇచ్చే అధికారం న్యాయసేవల చట్టం 1987 నాల్సాకి ఇచ్చింది. అయినా జిల్లాలో ముందు మీ మనుషులు ఇద్దరు వాలంటీర్లుగా ఏడాది పనిచేస్తేనే ఆ మాట ఎత్తడానికి బలం ఉంటుంది.

రాయగడ, కొరాపుట్ లాంటి గనుల జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి ఉంది. మహిళా శిశు సంక్షేమం దాని ప్రాధాన్య రంగాల్లో ఒకటి. సంఘం పేరుతో నేరుగా అడిగితే ఫైలు కదలదు. సంక్షేమ శాఖ ప్రతిపాదనలో మీ పనిని ఒక భాగంగా పెట్టించుకోవడమే దారి.

ఎస్సీ, ఎస్టీ బాధితులతో పనిచేసేవాళ్లు అత్యాచారాల నిరోధక చట్టం 1995 నియమాల్లో 11, 12 రూల్స్ చదువుకోవాలి. బాధితులకీ సాక్షులకీ ప్రయాణ ఖర్చు, రోజు భత్యం 3 రోజుల్లోపు ఇవ్వాలి. ఉపశమనం 7 రోజుల్లోపు ఏర్పాటు చెయ్యాలి. 2016 సవరణ ప్రకారం నేరాన్ని బట్టి అది 85,000 నుంచి 8,25,000 దాకా ఉంటుంది, విడతలుగా అందుతుంది. దీనివల్ల మీ బడ్జెట్‌కి ఒక ముఖ్యమైన తేడా వస్తుంది: చట్టమే ఇచ్చే బాధితుల బస్సు ఛార్జీని మీ గ్రాంటులో అడగకూడదు. మీ కార్యకర్త ఛార్జీ అడగండి. ఇంకో జాగ్రత్త, కులం, తెగ జాబితా రాష్ట్రానికో రకం. ఆంధ్రలో ఎస్టీ లేక ఎస్సీ అయినవాళ్లు ఒడిశా జాబితాలో లేకపోవచ్చు. తహసీల్దారు ధ్రువపత్రం చూడకుండా ఈ పద్దు కింద లెక్క వెయ్యకండి.

ఏ గుమ్మం ఎక్కడ

గంజాం జిల్లాలో కలెక్టరేట్ ఛత్రపురంలో ఉంటే జిల్లా కోర్టు, న్యాయసేవల సంస్థ బరంపురంలో ఉన్నాయి. పోలీసుకి కూడా బరంపురం ఎస్పీ వేరు, గంజాం ఎస్పీ వేరు. కొరాపుట్ జిల్లాకి కోర్టు జయపురంలో. ఒకే రోజు రెండు సంతకాలకి బయల్దేరేముందు ఇది చూసుకోండి. అధికారుల పొట్టి పేర్లు కూడా జనం కలిపేసుకుంటారు. డీఎస్‌డబ్ల్యూవో (జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి) మహిళా శిశు శాఖకి చెందినవారు, శక్తి సదన్ సంగతి అక్కడ. డీడబ్ల్యూవో (జిల్లా సంక్షేమ అధికారి) ఎస్టీ, ఎస్సీ అభివృద్ధి శాఖకి చెందినవారు, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉపశమనం ఫైలు అక్కడ. ఒక అక్షరం తేడాతో వేరే శాఖలో పడ్డ దరఖాస్తు తిరిగొచ్చేసరికి ఆర్థిక సంవత్సరం అయిపోతుంది.

తెలుగులో వినతి ఇవ్వడం మీ హక్కే. రాజ్యాంగం 350వ అధికరణం, రాష్ట్రంలో వాడే ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోనిస్తుంది. బాధితుల అర్జీకి ఈ హక్కు వాడండి, పక్కన ఒడియా అనువాదం పెట్టండి. గ్రాంటు ప్రతిపాదన మాత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఇస్తేనే చదువుతారు.

కాగితాలు

సొసైటీ లేక ట్రస్టు రిజిస్ట్రేషన్, నియమావళి, తాజా కార్యవర్గం జాబితా, పాన్, స్వచ్ఛంద సంస్థల దర్పణ్ పోర్టల్ నంబరు, పీఎఫ్ఎంఎస్ (సర్కారు చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదు, సాధారణంగా గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, ఇదే పనికి మరో శాఖ నుంచి గ్రాంటు తీసుకోలేదు, అడగలేదు అనే ధ్రువీకరణ. నియమావళిలో ఉద్దేశాల పేరా తీసి చూడండి. "విద్య, వైద్యం, క్రీడలు" అని మాత్రమే ఉంటే ముందు సర్వసభ్య సమావేశం పెట్టి బాధితుల సహాయం, న్యాయ సహాయం చేర్చుకుని రిజిస్ట్రార్ దగ్గర సవరించుకోండి. ఇది తర్వాత చేద్దామనుకుంటే వెనక తేదీకి కుదరదు.

తెలుగువాళ్ల పేర్లలో ఒక చిక్కు ఎప్పుడూ వస్తుంది. మనకి ఇంటిపేరు ముందు, అక్కడ రికార్డుల్లో వెనక. పాన్‌లో పొడి అక్షరాలు, ఆధార్‌లో పూర్తి పేరు, బ్యాంకులో ఇంకోలా ఉంటే పీఎఫ్ఎంఎస్ చెల్లింపు తిరగ్గొడుతుంది. కార్యదర్శి, కోశాధికారి పేర్లు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయో లేదో దరఖాస్తుకి ముందే సరిచూడండి. బాధితుల పరిహారం కాగితాలకీ ఇదే వర్తిస్తుంది: ఎఫ్ఐఆర్‌లో ఒడియాలో రాసిన పేరు, పాస్‌బుక్‌లో పేరు పక్కపక్కన పెట్టి చదవాలి.

ప్రతిపాదన, బడ్జెట్

నాలుగు పేజీలు చాలు. మొదటి పేజీలో పని, ప్రాంతం, ఎవరికి అన్నవి. రెండో పేజీలో, గత ఏడాది మీరు చూసిన కేసులు పేర్లు లేకుండా అంకెలుగా: పోలీసు దగ్గర ఎన్ని, కోర్టులో ఎన్ని, పరిహారం దరఖాస్తులు ఎన్ని, వాటిలో తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు ఎంతమంది. చివరి అంకె మీకు తప్ప జిల్లాలో ఇంకెవరి దగ్గరా ఉండదు, దాన్ని దాచకండి. మిగతా రెండు పేజీలు బడ్జెట్.

ప్రయాణాలకి ఒకే మొత్తంగా "50,000" అని రాస్తే కోత పడుతుంది. లెక్క కట్టి చూపాలి. ఉదాహరణకి ఏడాదికి 24 కేసులు, కేసుకి 6 ప్రయాణాలు, ఇద్దరు కార్యకర్తలు అనుకుంటే 288 రానుపోను టిక్కెట్లు. దాన్ని గుణుపురం నుంచి రాయగడకి ఉన్న బస్సు ఛార్జీతో గుణించండి. వాయిదా పడ్డ రోజుకి కూడా ఛార్జీ పెట్టాల్సిందే కదా, కాబట్టి ఆరు ప్రయాణాలనేది ఎక్కువేం కాదు. అనువాదం పేజీ లెక్కన, కౌన్సెలర్ రోజుల లెక్కన రాయండి. వైద్యం పద్దు పెట్టకండి. నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రకారం అత్యాచార, యాసిడ్ దాడి, పోక్సో బాధితులకి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా చికిత్స చెయ్యాలి. పోక్సో పిల్లలకి తిండి, బట్టలు, ప్రయాణం లాంటి తక్షణ అవసరాలకి పోక్సో నియమాల 8వ రూల్ కింద బాలల సంక్షేమ కమిటీ సిఫారసు చేస్తే, సిఫారసు అందిన వారంలోపు సొమ్ము ఇవ్వాలి. చట్టం ఇప్పటికే ఇచ్చేదాన్ని మళ్లీ అడిగితే పరిశీలించే అధికారికి మీకు సబ్జెక్టు తెలియదని తెలిసిపోతుంది.

సొమ్ము వచ్చాక

గ్రాంటుకి వేరే ఖాతా తెరవండి. మంజూరు ఉత్తర్వు తేదీకి ముందు పెట్టిన ఖర్చు అందులో చూపకండి. ఒక పద్దులో మిగిలిన సొమ్ముని రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకో పద్దుకి మార్చకండి. ఒకరికి ఒక రోజులో 10,000 దాటితే నగదు ఇవ్వకండి. 5,000 దాటిన రశీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలి.

కేంద్ర గ్రాంటుకి వినియోగ ధ్రువపత్రం జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నియమాల) 12-ఏ ఫారంలో, రాష్ట్ర గ్రాంటుకి ఓజీఎఫ్ఆర్ (ఒడిశా ఆర్థిక నియమాల) 7-ఏ ఫారంలో. రెండోదానికి మొదటి ఫారం నింపి పంపడం మామూలుగా జరిగే తప్పు. కేంద్ర గ్రాంటు మీద వచ్చిన వడ్డీ మీది కాదు, లెక్కలు ఖరారవగానే ప్రభుత్వానికి జమ చెయ్యాలి. రెండో ఏడాది సొమ్ము ఆగిపోయిన చోట తరచూ కారణం ఈ వడ్డీయే. పాస్‌బుక్‌లో కనబడుతుంది, ధ్రువపత్రంలో ఉండదు, రెండు మొత్తాలూ కలవవు. కొత్త ఏడాది మంజూరులో 75 శాతానికి మించి విడుదల కావాలంటే ముందటేడాది ధ్రువపత్రం, ఆడిట్ లెక్కలు రెండూ చేరి ఉండాలి. కాబట్టి ఆడిటర్‌తో ఏప్రిల్‌లోనే మాట్లాడుకోండి. మార్చి నెలాఖరున విడత పడితే హడావిడిగా ఖర్చు చూపించే బదులు, మిగిలిన సొమ్ము తర్వాతి ఏడాదికి తీసుకెళ్లేందుకు అనుమతి కోరుతూ అదే వారం లేఖ పెట్టండి.

నివేదికలో ఫొటోలు

"లబ్ధిదారుల ఫొటోలు జతచెయ్యండి" అని చాలా గ్రాంటు ఫారాల్లో ఉంటుంది. ఇక్కడ చెయ్యకూడదు. అత్యాచారం లాంటి లైంగిక నేరాల బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం. పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షన్ కూడా గుర్తింపు బయటపెట్టొద్దంటుంది. ముఖం మసకబరిచినా ఊరి పేరు, వయసు, బడి పేరు కలిస్తే చిన్న ఊళ్లో ఎవరో తెలిసిపోతుంది. కేసుకో కోడ్ నంబరు ఇవ్వండి. కోడ్‌కీ పేరుకీ సంబంధం చూపే రిజిస్టర్ ఒక్కటే ఉండాలి, తాళం వేసిన బీరువాలో, కార్యదర్శి చేతిలో. వోచర్ మీద కూడా బాధితుల పేరు బదులు కోడ్ వెయ్యండి. ఆడిట్‌కి వచ్చినవాళ్లు సరిచూడాలంటే రిజిస్టర్ ఆఫీసులోనే చూపండి, నకలు ఇవ్వకండి. ఫొటో కావాలంటే కౌన్సెలింగ్ గది, శిక్షణ జరిగిన హాలు పంపి, ఎందుకు ఇంతే పంపామో సెక్షన్ నంబరుతో ఒక వాక్యం రాయండి. ఆ కారణంతో ఫైలు వెనక్కి వస్తే, అదే లేఖ నకలు జతచేసి మళ్లీ ఇవ్వండి.