ఏటూరునాగారంలో బృందగానం: గొంతులు అలసిపోకుండా వేదిక చేరడం ఎలా?

హనుమకొండ నుంచి ములుగు జిల్లా ఏటూరునాగారానికి సుమారు 100 కిలోమీటర్లు. రైలు సౌకర్యం లేదు కనుక అక్కడ పాడబోయే బృందమంతా 163వ నంబరు జాతీయ రహదారి మీదుగా బస్సులోనే వెళ్లాలి. బస్సు, భోజనాలు కుదిరితే చాలనుకుంటారు చాలామంది. కానీ గొంతులు అలసిపోకుండా వేదిక వరకు చేరడమే అసలు పని, మిగిలిన ఏర్పాట్లన్నీ అందుకోసమే.

తేదీ ఖరారు చేసే ముందు మేడారం జాతర ఎప్పుడో చూసుకోవాలి. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే ఆ జాతర రోజుల్లో ములుగు, తాడ్వాయి దారి వాహనాలతో నిండిపోతుంది, అద్దెకు బస్సు దొరకడమూ కష్టమే. గోదావరికి వరదలు వచ్చే జులై, ఆగస్టు నెలలనూ వదిలేయడం మంచిది.

మైకుల సంగతి తెలిసిన ఒకరు ముందుగా వెళ్లి వేదికను చూసి రావాలి. చిన్న పట్టణాల్లో మైకుసెట్టు వాళ్లు ఎక్కువగా పెళ్లిళ్లకు, సభలకు పనిచేస్తారు. వారి దగ్గరుండేవి నోటికి దగ్గరగా పట్టుకుని మాట్లాడే మైకులు. ముప్పై మంది రెండు మైకుల ముందు నిలబడితే దగ్గరున్న నలుగురి గొంతే వినిపిస్తుంది. అందుకే స్టాండు మైకులు కనీసం నాలుగు అడగాలి, బృందాన్ని అర్ధచంద్రాకారంలో మూడు వరుసలుగా నిలబెట్టాలి. స్పీకరు బాక్సులు మైకుల కంటే ముందుకు, జనం వైపు ఉండాలి, లేకుంటే కీచుమని మోత వస్తుంది. ఎకో పూర్తిగా తీసేయమని మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పాలి. ఒక చరణం చివరి మాట మీద తరువాతి చరణం వచ్చి పడితే సాహిత్యం ఎవరికీ అర్థం కాదు. జనరేటరు వేదిక వెనుకే పెడతామంటే ఒప్పుకోవద్దు.

శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరం, విషయంలో నాకు పట్టింపు ఎక్కువే. సామాన్యంగా పురుషులకు ఒకటి శ్రుతి (హార్మోనియం మీద C), స్త్రీలకు అయిదు శ్రుతి (G) అనుకూలం కాబట్టి, కలిసి పాడే ప్రతి పాటకూ అందరికీ అందే శ్రుతిని ఇంటి దగ్గరే తేల్చి రాసుకోవాలి. ప్రయాణ బడలికతో గొంతు పైకి వెళ్లకపోతే అర శ్రుతి తగ్గించి పాడేందుకు హార్మోనియం వాయించేవారు ముందే సాధన చేసి ఉండాలి. తబలా కొద్ది మేరకే పైకీ కిందికీ కలుస్తుంది కనుక రెండు కుడి తబలాలు, సుత్తి వెంట ఉంచుకోవాలి. ఆరుబయట రాత్రి మంచుకు చర్మం సడలి నాదం దిగిపోతుంది, అందుచేత వేదిక ఎక్కే వరకు వాటిని గుడ్డలో చుట్టి ఉంచాలి.

బస్సులో అంత్యాక్షరి వద్దు. ఇంజను మోతను మించి గంటసేపు పాడితే సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. కిటికీ గాలికి ఎదురుగా కూర్చోకుండా, గోరువెచ్చని నీళ్లు తాగుతూ, ములుగులో ఒకసారి దిగి నడుం వాల్చుకుని వెళ్లాలి. పస్రా దాటాక అడవి దారి, ఫోను సిగ్నలుకు భరోసా ఉండదు కనుక నిర్వాహకులతో మాట్లాడవలసినవి ములుగులోనే మాట్లాడుకోవాలి. కార్యక్రమానికి రెండు గంటల ముందే తేలికగా తినడం ముగించాలి.

అక్కడి బడిపిల్లలను ఒక పాటలో కలుపుకుంటే సభ మనదవుతుంది. పల్లవిని వారం ముందే అక్కడి ఉపాధ్యాయులకు పంపాలి. కోయ భాషలో ఒక పాట పాడదలిస్తే ఆ భాష మాట్లాడేవారి దగ్గర ఉచ్చారణ సరిచూసుకున్న తరువాతే పాడాలి.

రాత్రే తిరిగి బయలుదేరవద్దు. బసకు బడి గదులో, కల్యాణమండపమో ముందే మాట్లాడుకుని, డ్రైవరుకు కూడా భోజనం, పడక చూసి, తెల్లవారాకే బస్సు ఎక్కాలి.