తాబేళ్లు గట్టెక్కక ముందే: విశాఖ తీరంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి విశాఖ తీరానికి ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు వస్తాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే సంక్రాంతి సెలవుల జనం ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా అదే ఇసుక మీదికి చేరుతుంది. కాబట్టి యంత్రాలతో, దీపాలతో ముడిపడిన పనులన్నీ డిసెంబరు నెలాఖరుకే ముగించుకోవాలి.

అన్నిటికన్నా ముందు చూడవలసినవి దీపాలు. గుడ్డు నుంచి బయటపడిన పిల్ల చీకట్లో కాస్త వెలుతురుగా కనిపించే వైపు సముద్రం ఉందనుకొని నడుస్తుంది. బీచ్ రోడ్డు మీద తెల్లటి దీపాలు వెలుగుతుంటే ఆ అంగుళమున్నర ప్రాణి కెరటాలకు వీపు తిప్పి, తారు రోడ్డు వైపు పాకి, వాహనాల కిందనో కాకుల నోటనో పడుతుంది. ఇసుక మీదికి నేరుగా పడే దీపాలకు మూతలు బిగించడం, స్తంభాల ఎత్తు తగ్గించడం, తెల్లటి బల్బుల స్థానంలో పసుపు ఎరుపుల మధ్య రంగువి పెట్టడం ఖర్చుతో కూడినవే అయినా, హోటళ్లు రాత్రిపూట సముద్రం వైపు తెరలు దించడానికి పైసా ఖర్చు లేదు.

తీరం శుభ్రం చేసే యంత్రాలను, ట్రాక్టర్లను సీజన్ ముగిసేదాకా పొడి ఇసుక మీదికి రానీయకూడదు. తల్లి తాబేలు తెడ్ల లాంటి వెనుక కాళ్లతో మూరెడు లోతు గుంత తవ్వి, నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోయాక పైన ఆనవాలు పెద్దగా మిగలదు. టైరు గాడి లోతుగా ఉంటే తాబేలు పిల్లలు అందులో పడి, ఎక్కలేక, దాని వెంటే నడుస్తూ అలసిపోతాయి. అందుచేత చెత్తను చేత్తోనే ఏరించాలి. మురీ మిక్చర్ పొట్లాలు, బజ్జీల ఎంగిళ్లు రాత్రికి మిగిలితే వాటి కోసం వచ్చిన కుక్కలే తెల్లారేసరికి గూళ్లు తవ్వేస్తాయి కనుక, బళ్లవారు దుకాణం కట్టేముందే డబ్బాలు ఖాళీ చేయించడం మంచిది.

సుందరీకరణ పేరుతో ఇసుక మీద పాకే ఊదాపూల తీగను పీకడం నా దృష్టిలో వట్టి తెలివితక్కువ పని. విశాఖ ఓడరేవు ఔటర్ హార్బర్ కట్టడాల వల్ల ఉత్తరానికి సాగే ఇసుక ఆగిపోయి కోతకు గురవుతున్న ఈ తీరంలో, డ్రెడ్జర్‌తో (నీటి అడుగు ఇసుకను తోడే నౌకతో) తెచ్చి పోస్తున్న ఇసుకను పట్టి ఉంచే కొద్దిపాటి ఆధారాల్లో ఆ తీగ ఒకటి. వేదికలు, పందిళ్లు వేయాలనుకునేవారు 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నిబంధనలు తమ స్థలానికి ఎలా వర్తిస్తాయో ముందే తెలుసుకోవాలి. జాలర్లు పడవలు లాగే చోట్లకు మాత్రం కంచె వేయకూడదు. గూడు కబురు తరచూ మొదట చెప్పేది వారే.

రాత్రి తాబేలు కనిపిస్తే టార్చి వేయక, ఫోటో తీయక, దాని వెనుక దూరంగా ఉండి అటవీ శాఖకు కబురు చేయాలి. గుడ్లను సొంతంగా తరలించరాదు. పెట్టిన కొద్ది గంటలు గడిచాక వాటిని తిప్పినా లోపలి పిండం చనిపోవచ్చు. పిల్లలు బయటికి వస్తున్నప్పుడు ఎత్తి నీళ్లలో వదలకుండా, వాటికీ కెరటానికీ మధ్య నుంచి తప్పుకొని, చేతిలోని ఫోన్ ఆర్పేసి నిలబడాలి.