టీచింగ్ అవార్డుకు ఫైలు కడుతున్నారా?

సెప్టెంబర్ 5 దగ్గరపడుతుంటే చాలు, మా స్టాఫ్‌రూమ్‌లో బీరువాల్లోంచి సర్టిఫికెట్లు బయటికొస్తాయి. నేను హన్మకొండలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. కాలేజీ నుంచి పైకి వెళ్లే అవార్డు దరఖాస్తులను ముందుగా వడబోసే కమిటీలో కూడా కూర్చుంటాను. అక్కడ చూసినంతలో నాకు తేలింది ఇది: లావుపాటి ఫైళ్లు చాలావరకు ఒకదానికొకటి జిరాక్సుల్లా ఉంటాయి. ఒక్క క్లాసు గురించి నాలుగు పేజీలు నిజంగా రాసినవాళ్ల ఫైలే చదివేవాళ్లను ఆపుతుంది.

ముందుగా ఏ అవార్డుకు వేస్తున్నారో చూసుకోండి. ఉపాధ్యాయ దినోత్సవం నాడు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది ఒకటి. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే జాతీయ ఉపాధ్యాయ అవార్డు ఇంకొకటి. మొన్నమొన్నటి దాకా అది బడి పంతుళ్లకే ఉండేది, 2023 నుంచి యూనివర్సిటీ, కాలేజీ, పాలిటెక్నిక్ అధ్యాపకులకూ ఇస్తున్నారు. ఆ మొదటి ఏడాది ఉన్నత విద్యలో 13 మందికి వచ్చింది. మెడల్, ప్రశంసాపత్రం, 50 వేల రూపాయలు. ఇవి కాక యూనివర్సిటీలు బోధనలో కొత్తదనానికి, బోధన మీద చేసే పరిశోధనకు తమ ప్రొఫెసర్లకే ఇచ్చుకునేవి ఉంటాయి. వీటిలో కొన్ని చేసిన పనికి గుర్తింపు, కొన్ని చేయబోయే పనికి డబ్బు. మొదటిదానికి సాక్ష్యం కావాలి, రెండోదానికి ప్లాను, బడ్జెట్ కావాలి. రెండింటికీ ఒకే ఫైలు పేరు మార్చి పంపేవాళ్లున్నారు. రెండు చోట్లా వెనక్కి వస్తుంది.

దరఖాస్తులో 'స్కాలర్‌షిప్', అంటే పాండిత్యం, అన్న గడి కనబడగానే మనోళ్లు అచ్చయిన పరిశోధన పేపర్ల లిస్టు అతికిస్తారు. అడిగేది అది కాదు. 1990లో అమెరికాలోని కార్నెగీ ఫౌండేషన్ అధ్యక్షుడు ఎర్నెస్ట్ బోయర్ ఒక నివేదికలో, కొత్తది కనిపెట్టడం ఒక్కటే పాండిత్యం కాదనీ, బోధన కూడా ఆ లెక్కలోకే వస్తుందనీ వాదించాడు. ఆ తర్వాత అదే ఫౌండేషన్‌కు అధ్యక్షుడైన లీ షుల్మన్ దానికి కొలబద్ద ఇచ్చాడు. దాన్ని మన పరిస్థితికి ఇలా మార్చుకోవచ్చు. మీరు క్లాసులో చేసిన పనిని నలుగురి ముందు పెట్టారా? తోటివాళ్లు తప్పొప్పులు ఎంచే వీలుందా? రేపు జనగామలో ఇంకో లెక్చరర్ మీ కాగితాలు తీసుకుని, మీకు ఫోన్ చేయకుండానే ఆ పాఠం నడపగలడా? మూడింటికీ అవునంటే ఆ గడి నింపడానికి మీ దగ్గర సరుకు ఉన్నట్టే.

ఇక అసలు పని. దరఖాస్తు మీ గొప్పతోనో, మీ పద్ధతితోనో మొదలు కాకూడదు. పిల్లలకు ఏది అందడం లేదో దానితో మొదలుకావాలి. నా సంగతే చెప్తాను. నీటి కాఠిన్యం ప్రాక్టికల్ ఉంటుంది కదా, ఈడీటీఏ టైట్రేషన్. అంటే ఈడీటీఏ అనే రసాయనాన్ని బ్యూరెట్ అనే గీతల గాజుగొట్టంలోంచి కొద్దికొద్దిగా పోసి, నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో లెక్కగట్టడం. ల్యాబ్‌లో అందరికీ ఒకే డబ్బాలోంచి నీళ్లు పోసేవాళ్లం. ముందు టేబుల్‌మీద పిల్లకు ఏ రీడింగ్ వస్తే వెనక బెంచీ దాకా అదే రీడింగ్. సీనియర్ల రికార్డులో కూడా అదే. బ్యూరెట్ ముట్టని పిల్లాడికీ ఫుల్ మార్కులే.

మార్చింది ఒక్కటే: ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకోవాలి. ములుగు, పరకాల, నర్సంపేట బస్సుల్లో వచ్చే పిల్లలు ఇంటి బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చారు. 50 మిల్లీలీటర్లు పిపెట్‌తో తీసుకుని, అమ్మోనియా బఫర్‌తో పీహెచ్ 10 దగ్గర నిలిపి, రంగు మార్పు చూపే ఎరియోక్రోమ్ బ్లాక్ టీ చిటికెడు వేస్తే ద్రాక్షపండు ఎరుపు వస్తుంది. 0.01 మోలార్ ఈడీటీఏ పోస్తూ పోతే ఊదా మీదుగా నీలానికి తిరుగుతుంది. చివర్లో చుక్కచుక్కగా పోసి ఆగాలి, తొందరపడితే దాటిపోతుంది. ఆ ఈడీటీఏ ఒక్కో మిల్లీలీటరు ఒక్కో మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్‌కు సమానం. 22 మిల్లీలీటర్లు పట్టిందంటే ఆ 50 మిల్లీలీటర్ల నీళ్లలో 22 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు 440 మిల్లీగ్రాములు. తాగేనీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 200 దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. ఒక పిల్ల లెక్క చేసుకుని, "అందుకేనా మేడం, మా బోరు నీళ్లల్ల పప్పు ఉడకది?" అంది. ఎవరి సీసా వాళ్లదే కాబట్టి పక్కవాడి రీడింగ్‌తో పనిలేదు. ఇంటికి పోయి చెప్పాల్సిన లెక్క కాబట్టి రెండోసారి కూడా చూసుకుంటారు.

ఇంతవరకు రాస్తే అది ముచ్చట మాత్రమే. అవార్డు కమిటీకి కావాల్సింది, పిల్లలు నేర్చుకున్నారని మీకెలా తెలుసు అన్నది. ఇక్కడే చాలా ఫైళ్లు జారిపోతాయి. పాస్ పర్సెంటేజీ పెడతారు. పేపర్ సులువుగా వచ్చినా అది పెరుగుతుంది. ఫీడ్‌బ్యాక్ సగటు 5కు 4.8 అని పెడతారు. అది అందరికీ 4.8యే. దాని బదులు ఆ పాఠానికే సంబంధించిన చిన్న కొలత ఒకటి ముందే ఎంచుకోండి. నేను ఎంచుకున్నది, ఒకే నీటికి ఒకే విద్యార్థి తీసిన రెండు రీడింగుల మధ్య తేడా. చేయి కుదిరితే ఆ తేడా తగ్గుతుంది. సెమిస్టర్ మొదట్లోది, చివర్లోది పక్కపక్కన టేబుల్‌గా వేశాను. కొట్టివేతలున్న రికార్డు పేజీల ఫొటోలు జతచేశాను. రికార్డు తెల్లగా మెరిసిపోతుంటే నాకే అనుమానం వస్తుంది. తేడా తగ్గనివాళ్లూ ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది బస్సు కోసం ప్రాక్టికల్ మధ్యలో లేచిపోయేవాళ్లు. ఆ మాటా రాశాను. అన్నీ బ్రహ్మాండం అని రాసిన దరఖాస్తును కమిటీలో ఎవరూ నమ్మరు.

ఈ కొలత నోటిఫికేషన్ వచ్చాక పుట్టదు. సెమిస్టర్ మొదటివారంలోనే మొదలుపెట్టాలి, అందుకే ఈ ఏటి ఫైలుకు పని పోయినేడే జరిగుండాలి. వీలైతే అదే పాఠం పాత పద్ధతిలో నడిచిన ఇంకో సెక్షన్ రీడింగులు కూడా తీసి పెట్టుకోండి. పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు కొట్టేసి వాడండి. ఫొటోల్లో మొహాలుంటే పిల్లల దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

తోటి లెక్చరర్‌ను ఒకసారి వెనక బెంచీలో కూర్చోబెట్టండి. వేరే డిపార్ట్‌మెంట్ అయితే ఇంకా మేలు. వాళ్లిచ్చే లెటర్‌లో 'అంకితభావంతో కృషిచేయు ఆదర్శ అధ్యాపకురాలు' అని ఉంటే చించేయండి, ఇంకోటి అడగండి. ఏ రోజు ఏ క్లాసు చూశారు, పిల్లలు ఏం చేస్తున్నారు, ఎక్కడ తడబడ్డారు, మీరేం చేశారు, ఇవి నాలుగు వాక్యాల్లో ఉన్నా చాలు.

రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పీపీటీని, స్మార్ట్‌బోర్డును ఇన్నోవేషన్ అనకండి. కరెంటు పోతే మీ పాఠంలో ఏం మిగులుతుందో అది రాయండి. రెండోది, 'జాతీయ విద్యావిధానం 2020కి అనుగుణంగా' అన్న మాట ఒక్కసారి వాడితే చాలు. పేజీకోసారి వాడిన ఫైలు నా చేతికొచ్చింది, పాఠం ఏదో చివరిదాకా తెలియలేదు.

డబ్బిచ్చే అవార్డయితే బడ్జెట్ చిన్నగా, నిజంగా వేయండి. కెమికల్స్, గాజుసామాను, సీసాలు, ప్రింటింగ్. ల్యాప్‌టాప్ రాశారంటే కమిటీ చూపు ముందు దానిమీదే పడుతుంది. బిల్లులన్నీ దాచండి, డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ అడిగే రోజు తప్పకుండా వస్తుంది.

సంతకాల సంగతి కూడా ముందే తేల్చుకోండి. హెచ్‌ఓడీ, ప్రిన్సిపాల్, అవసరమైతే రిజిస్ట్రార్ ఆఫీసు. ఎవరో ఒకరు సెలవులో ఉంటారు. పోర్టల్‌లో ఎక్కించే పీడీఎఫ్‌కు సైజు పరిమితి ఉంటే, స్కాన్ చేసిన రికార్డు పేజీలే ముందు దాటేస్తాయి. చివరి రోజు సాయంత్రం దాకా ఆగకండి.

అవార్డు రాకపోయినా ఆ కాగితాలను బీరువాలో పడేయకండి. ఒక సెట్టు కాలేజీలో నాణ్యత వ్యవహారాలు చూసే ఐక్యూఏసీకి ఇవ్వండి. కాలేజీలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ నాక్ చూసేవాటిలో బోధన, అభ్యసన, మూల్యాంకనం ఉంటాయి, అక్కడ ఇలాంటి సరుకుకు ఎప్పుడూ కరువే. ఇంకో సెట్టు మీ ప్రమోషన్ ఫైలులో పెట్టుకోండి. ప్రాక్టికల్ షీటు మాత్రం పక్క కాలేజీ కెమిస్ట్రీ సార్‌కు వాట్సాప్‌లో పంపండి. ఆయన పిల్లల రీడింగులు కూడా తోడైతే వచ్చే ఏడు ఇద్దరూ కలిసి వేయొచ్చు.